మూడు రోజులకొక దుప్పటి

ఆ ఎండాకాలం వేలూరులో మా తొరపాడి వైపు కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియకుండా పోయింది. అంతకుముందైతే రోజు విడిచి రోజు వచ్చేది. తర్వాత వారానికోసారి అయింది. వచ్చినా సన్నగా దారంలాగా వచ్చేది. పాలారు నది ఎలాగూ ఇసుకే. వీధి చివరి చేతిపంపు కొడితే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. కార్పొరేషన్‌వాళ్ళు లారీలతో నీళ్ళు పంపుతూనే ఉన్నారు గానీ, ఉన్న నీళ్ళను జనంచేత జాగ్రత్తగా వాడించకపోతే ఆ లారీలు కూడా చాలవని వాళ్ళకు అర్థమైపోయింది. అందుకని మహిళా గ్రూపుల్లోంచి కొందరిని తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ పొదుపు గురించి చెప్పమన్నారు. మా గ్రూపులోంచి నన్ను పిలిచారు.

నన్నే పిలవడానికి కారణం నాకు తెలుగు రాయడం రావడం. మా వీధుల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు. తాపీ పని, సెంట్రింగ్ పని, సున్నాలు వేసే పని చేసేవాళ్ళలో సగంమంది మావాళ్ళే. కానీ అందరూ తమిళ బడుల్లో చదివినవాళ్ళు, లేదా అసలు చదవనివాళ్ళు. మా ఆయన సెంట్రింగ్ పనికి పోతాడు. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడడు, కానీ తెలుగు అక్షరం చూపిస్తే జిలేబీ చుట్టల్లాగా ఉన్నాయంటాడు. నేను చిన్నప్పుడు చిత్తూరు దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో ఉండి అక్కడి బడికి పోయాను. పెళ్ళై వేలూరు వచ్చాక ఆ చదువుతో పనే పడలేదు. బస్సు బోర్డు తమిళం, రేషన్ కార్డు తమిళం, పిల్లల పుస్తకాలు తమిళం. అన్నేళ్ళ తర్వాత కార్పొరేషన్‌కు నా తెలుగు కావలసివచ్చింది.

ఒక కల్యాణమండపంలో మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పించారు. నేర్పింది ఒక చిన్నవయసు ఇంజనీరమ్మ. ఆమె తమిళంలో నెమ్మదిగా, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. కారే కుళాయి కింద బకెట్టు పెట్టి, తన మాటలు ముగిసేసరికి అది ఎంత నిండిందో మాకు చూపించింది. కుళాయి మూతికి బిగించే జల్లెడ బిళ్ళలు ఒక సంచీ నిండా ఇచ్చారు. అవి బిగిస్తే ధార పలచబడి, తక్కువ నీళ్ళతోనే గిన్నె కడగవచ్చు. మేడ మీది ట్యాంకు నిండి పొర్లిపోకుండా తేలే బంతి పెట్టించుకోమని చెప్పాలి. తాగే నీళ్ళు వడగట్టే మిషన్ బయటికి వదిలే నీళ్ళు పారబోయకుండా ఇల్లు తుడవడానికి వాడమనాలి. వాననీళ్ళ గుంట పూడిపోయి ఉంటే తవ్వించుకోమనాలి. ఇవన్నీ మేము నోటికి నేర్చుకున్నాం.

మొదట నన్ను మా వీధుల్లోనే తిరగమన్నారు. మొదటి ఇంట్లోనే ఒక ముసలామె కార్పొరేషన్‌వాళ్ళు నాకిచ్చిన ఆకుపచ్చ కోటు వంక చూసి, చెప్పేదంతా వింది. తర్వాత వాకిట్లో వరసగా పెట్టిన ఖాళీ ప్లాస్టిక్ బిందెలు చూపించింది.

“మిగిలించమంటావు. మిగిలించేదానికి ముందు నీళ్ళు ఉండాల గదా తల్లీ? పోయి కొళాయి ఇడిపించు. అప్పుడు నువ్వు ఎట్లా వాడమంటే అట్లా వాడతాను” అంది.

జల్లెడ బిళ్ళ బిగించడానికి ఆమె ఇంట్లో కుళాయి కూడా లేదు, వీధి కుళాయే. ఆ సాయంత్రం ఆ మాట ఇంజనీరమ్మకు చెప్పాను. ఆమె నవ్వలేదు. నీళ్ళు ఎక్కువ వాడేవాళ్ళ దగ్గరికి ముందు పోవాలి, మనం తప్పు చోట మొదలుపెట్టాం అంది. ఆ తర్వాత నన్ను బాగాయం పంపించారు. అక్కడ మేడ ఇళ్ళు, పెరట్లో పూలకుండీలు, కార్లు. గేటు దగ్గరే నిలబెట్టి “ఏం అమ్ముతున్నారు?” అని అడిగినవాళ్ళు ఉన్నారు. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒక ఇంటి మేడ మీది నుంచి ట్యాంకు నీళ్ళు గోడ వెంబడి కారుతుంటే, ఇంటాయన కిందే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను చెప్పాక తలెత్తి చూసి, “ఇది ఎన్నాళ్ళుగా కారుతోందో” అన్నాడు, పక్కింటి గోడ గురించి మాట్లాడినట్టు. ఆ వారంలోనే బంతి పెట్టించాడు.

ఆ తర్వాత వ్యాపారాల వంతు వచ్చింది. హోటళ్ళు, కార్లు కడిగే షెడ్లు, లాడ్జీలు. వేలూరుకు వైద్యం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రోగి వెంట వచ్చినవాళ్ళు ఉండటానికి సందుసందుకూ లాడ్జీలున్నాయి. వాళ్ళలో ఒకరోజు ఉండి పోయేవాళ్ళు తక్కువ. వారాలు ఉంటారు, కొందరు నెలలు ఉంటారు. గదిలోనే గ్యాసు పొయ్యి పెట్టుకుని వండుకుంటారు. అయినా చాలా లాడ్జీల్లో రోజూ దుప్పట్లు, దిండు గలీబులు మార్చేవాళ్ళు. వాటిని కొందరు డాబా మీద మిషన్ పెట్టుకుని ఉతికించేవాళ్ళు, కొందరు బయటికి పంపేవాళ్ళు. ఒకే మనిషి పడుకునే పక్కకు మూడు రోజులకొకసారి మార్చినా చాలని ప్రతి గదిలోనూ ఒక అట్ట పెట్టించాలన్నది కార్పొరేషన్ ఆలోచన.

నేను మొదట పోయిన లాడ్జీ మేనేజరుకు యాభై దాటి ఉంటాయి. తమిళాయన. వచ్చే జనంతో మాట్లాడి మాట్లాడి తెలుగు, హిందీ, బెంగాలీ అన్నీ కొంచెం కొంచెం పట్టుకున్నాడు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

“నాకు సంతోషమేమ్మా. మా దగ్గర ఉండేవాళ్ళు ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు కాదు. పేషెంటు ఆస్పత్రిలో, వీళ్ళు ఇక్కడ. పొద్దున్నే తలుపు తట్టి దుప్పటి ఇవ్వమంటే వాళ్ళకే తొందరవు, ఊరికే ఇబ్బంది” అన్నాడు.

అట్టలు తమిళంలోనూ హిందీలోనూ బెంగాలీలోనూ అచ్చేశారు. తెలుగులో వేయలేదు. మేనేజరు ఆ అట్టలు తిప్పి చూసి, “ఆంధ్రావాళ్ళే నాకు సగం. వాళ్ళు ఏం చదువుతారు?” అని అడిగాడు. అప్పుడు నేను తెల్ల అట్ట ఒకటి అడిగి తీసుకుని, మార్కరు పెన్నుతో రాశాను. ‘నీళ్ళ కరువుగా ఉంది. మీ దుప్పటి మూడు రోజులకొకసారి మారుస్తాము. ముందే కావాలంటే అడగండి, తప్పకుండా ఇస్తాము.’ మేనేజరు దాన్ని ఎదురుగా ఉన్న జెరాక్స్ అంగడికి పంపించి, గది గదికీ చాలినన్ని తీయించాడు. పక్క లాడ్జీవాళ్ళు కూడా ఆ కాపీలే అడిగి తీసుకున్నారు. అలా నా దస్తూరీ ఆ సందంతా పాకింది.

రాస్తున్నప్పుడే ఆ లాడ్జీ మెట్ల కింద ఒక మూట కనిపించింది. పాత లుంగీలో కట్టి, పైన ఎర్ర గుడ్డపీలికతో ముడి వేసిన మూట. ఆ ముడి మా అక్క వేసేది.

అక్క వేలూరు నుంచి బస్సులో పోయే దూరంలో, గుడియాత్తంలో ఉంటుంది. నాకంటే చాలా పెద్దది, నన్ను చంకనేసుకుని తిరిగింది. బావ ఇంతకుముందు తాపీ మేస్త్రీ. పరంజా మీది నుంచి పడ్డాక ఎత్తులెక్కే పని చేయలేకపోయాడు. మోర్ధానా ఆనకట్టకు పోయే దారిలో ఊరి చివర వాళ్ళకు కొంచెం నేల, అందులో ఒక బావి ఉన్నాయి. అక్కడ షెడ్డు వేసి, పెద్ద మిషన్ ఒకటి, నీళ్ళు పిండే డ్రమ్ము ఒకటి పెట్టారు. వేలూరు లాడ్జీల మూటలు పొద్దున చిన్న లారీలో పోయేవి, ఉతికి ఆరేసి మడతపెట్టినవి మరుసటి రోజు తిరిగి వచ్చేవి. అక్కతో పాటు ఇంకొకామె పనిచేసేది. ఆమెవాళ్ళు క్రైస్తవులు, మాలాగే తెలుగువాళ్ళు. ఆమె పాటలు పాడుతూ దుప్పట్లు ఆరేసేది. అక్క నవ్వేది కానీ పాడేది కాదు.

కాబట్టి ఆ అట్ట రాస్తే ఎవరి పని తగ్గుతుందో నాకు తెలుసు. పెన్ను కింద పెట్టి ఒక్క క్షణం ఆలోచించాను. నేను రాయకపోయినా తమిళ అట్ట గోడకు ఎక్కుతుంది. రాయడమే నా పని. రాశాను.

కొన్ని వారాలకు అక్క బస్సెక్కి తొరపాడి వచ్చింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు. మా ఆయన పనికి పోయి ఉన్నాడు. చెప్పులు విడిచింది కానీ కూర్చోలేదు. జాకెట్టులోంచి నాలుగు మడతలు పెట్టిన జెరాక్స్ కాగితం తీసి నా ముందు పెట్టింది. అక్కకు తెలుగు చదవడం రాదు.

“ఏమ్మే, ఇది నువ్వు రాసిందేనంట?”

“నేనే రాసినాను.”

“నా మూటలు ఆ లాడ్జీలోంచే వస్తాయని నీకు తెలీదా?”

“తెలుసు.”

“తెలిసి రాసినావు!”

“నేను రాయకపోతే ఇంకొకరు రాసుంటారు అక్కా. తమిళంలో ముందే ఉండాది గదా.”

“ఇంకొకరు రాసుంటే నా కడుపు ఇంత మండదు” అంది. గొంతు పెంచలేదు. “ఒక మాట చెప్పు. ఆ దుప్పట్లు ఉతికే నీళ్ళు యాడివి? మా బాయిలోవి. మీ వేలూరు కొళాయిలోంచి ఒక చెంబు నీళ్ళు గూడా నేను ముట్టలేదు. మా బాయి నీళ్ళు నేను తోడుకుంటే మీ కార్పొరేషన్‌కు యాడ నొప్పి?”

ఆమె అడిగిందాంట్లో తప్పు నాకు కనిపించలేదు. అన్నం తినమన్నాను. తినలేదు. చెంబుతో నీళ్ళిస్తే తీసుకుని సగం తాగి, మిగతా సగం వాకిట్లోని తులసి కుండీలో పోసి, బస్టాండుకు పోయింది. వెంట పోదామనుకున్నాను. ఆమె నడక చూసి ఆగిపోయాను.

మరుసటి రోజు ఇంజనీరమ్మను అడిగాను. గుడియాత్తం బావిలో నీళ్ళు మిగిలితే వేలూరుకు ఏం లాభం అని. ఆమె చెవి వెనక పెన్నుతో గోక్కుంది. “లాభం లేదు. మీ అక్క చెప్పిందే నిజం. కానీ ఎక్కువ లాడ్జీలు డాబా మీదే ఉతుకుతున్నాయి, అవి ఊరి నీళ్ళు. ఈ గదిలో ఒక అట్ట, ఆ గదిలో ఒక అట్ట అని మనం పెట్టలేం” అంది. సారీ చెప్పింది కూడా. నేను ఆ సారీని అక్కకు తీసుకుపోలేదు. దాన్ని ఆమె ఏం చేసుకుంటుంది?

ఆ తర్వాత అక్క ఫోను ఎత్తలేదు. నా పని నేను చేసుకుంటూ పోయాను. లాడ్జీల డాబాల మీద ఆరేసిన దుప్పట్లు తగ్గాయి. ఆ సందుకు వచ్చే ప్రైవేటు నీళ్ళ లారీలు మునుపటిలాగా వరసకట్టడం లేదని టీ అంగడాయన చెప్పాడు. నాకది మంచి వార్తే. దాన్ని వింటూ, గుడియాత్తంలో ఆరేసే తీగలు కూడా అలాగే ఖాళీగా ఉండి ఉంటాయని అనుకున్నాను.

ఒకరోజు బావ ఫోను చేశాడు.

“పాపా, ఒకతూరి వచ్చి పో. మీ అక్క సరిగ్గా అన్నం తినడంలా. పనిచేసే ఆమెను గూడా నిలిపేసినాం. ఇప్పుడేమో బాయి అడుగంటింది. పక్క తోటాయన రోజూ వచ్చి గలాటా.”

ఆదివారం బస్సెక్కాను. గుడియాత్తం బస్టాండుకు బావ మోపెడ్ మీద వచ్చాడు. కౌండిన్య ఏటి వంతెన మీద పోతుంటే కింద చూశాను. ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మోర్ధానా ఆనకట్టలో నీళ్ళు అడుగుకు పోయాయని, ఆ ఏడు కాలవకు వదలలేదని బావ గాలిలో అరిచి చెప్పాడు. కాలవ పారితేనే ఆ చుట్టుపక్కల బావులు ఊరేది.

మేము పోయేసరికి తోటాయన వచ్చి ఉన్నాడు. పెద్దాయన, భుజాన తువ్వాలు. కొబ్బరి చెట్లు, ఆవుకు వేసిన పచ్చగడ్డి ఆయన సంసారం. అక్క షెడ్డు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది, పలకరించలేదు.

“నేను జగడానికి రాలేదమ్మా” అంటున్నాడు ఆయన. “నీ మిషన్ తిరిగేటప్పుడు నా మోటారు గాలి పీకతాది. అది ఆగినాక మళ్ళా నీళ్ళు వస్తాయి. రెండు మూడు తూర్లు చూసినాను. కొబ్బరి మట్టలు వాలిపోయినాయి, నువ్వే వచ్చి చూడు.”

“మా బాయి మేం తోడుకుంటాం. ఇంతకు ముందు రోజంతా తోడినాం. ఇప్పుడు సగం గూడా తోడడంలా. అప్పుడు రాని గాలి ఇప్పుడెట్లా వచ్చింది?”

“అప్పుడు కాలవ పారింది. ఇప్పుడు యాడుంది కాలవ? బాయి మీదేనమ్మా, కాదని ఎవరన్నారు? కింద ఊట ఒకటే గదా.”

అక్క నా వంక తిరిగి చూసింది. నేనేమైనా అంటానేమోనని చూసిందో, అనకూడదని చూసిందో నాకు తెలియదు. నేను పోయి బావిలోకి వంగి చూశాను. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో చూసినట్టు నీళ్ళలో ముఖం కనిపించే బావి కాదది. చాలా లోతున పచ్చగా కొంచెం మెరుస్తోంది. అందులో ఒక పాత సబ్బు డబ్బా తేలుతోంది.

తోటాయన పోయాక అక్క నాకు రాగి సంగటి పెట్టింది. తను కూడా తింది, గోడకానుకుని. మాటలు బావే మాట్లాడాడు. వారంలో ఒక పూట మిషన్ ఆపితే తోటాయన సర్దుకుంటాడా, లోతుగా బోరు వేస్తే పడుతుందా, అసలు మూసేసి మిషన్ అమ్మేద్దామా అని. అప్పుడు నేను నోరు తెరిచాను. కార్పొరేషన్‌వాళ్ళ మాట మీద వేలూరులో ఒక పెద్ద హోటలు అంట్లు తోమే చోట, ఆఖరున కడిగిన నీళ్ళను తొట్టిలో పట్టి, తర్వాతి అంట్లను మొదట నానబెట్టడానికి వాడటం చూశాను. దుప్పట్లు ఆఖరి జాడింపుకు వచ్చేసరికి నీళ్ళు దాదాపు తెల్లగానే ఉంటాయి. వాటిని వదిలేయకుండా పట్టుకుంటే, తర్వాతి మూటను నానబెట్టడానికి బావి నీళ్ళు అక్కర్లేదు.

అక్క సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అడిగింది. “ఇది మీ కార్పొరేషన్‌వాళ్ళు చెప్పిందేనా?”

“వాళ్ళు చెప్పిందే.”

“అయితే వద్దు.”

బావకు నవ్వొచ్చింది. “ఎవరు చెప్తే ఏందే? ఇటికలు ఉండాయి, సిమెంటు ఒక మూట తెస్తే చాలు. మిషన్ అమ్మేదానికి ముందు తొట్టి కట్టి చూస్తాం. పనికి రాకపోతే దాంట్లో ఆవుకు కుడితి పోస్తాం.”

“మనకు ఆవు యాడుంది?” అంది అక్క.

“తోటాయనకు ఉండాది గదా” అన్నాడు.

నేను రెండు రోజులు సెలవు చెప్పి అక్కడే ఉండిపోయాను. బావ ముక్కాలిపీట మీద కూర్చుని గోడ కట్టాడు. కాలు సహకరించకపోయినా చెయ్యి మాత్రం పాత చెయ్యే. తాపీతో ఇటుక మీద రెండుసార్లు తట్టి, ఒక కన్ను మూసి వరస చూసుకునేవాడు. నేను ఇటుకలు తడిపి అందించాను. మొదటి పూట అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు. రెండో పూట తనే వచ్చి ఇసుక జల్లించడం మొదలుపెట్టింది. “ఇట్ల రాళ్ళతో కలిపితే తొట్టి కారదా?” అని నన్ను కసిరింది. ఆ కసురు విన్నాక నాకు కొంచెం నిమ్మళం అనిపించింది. నెల పైన ఆమె నాతో అలా చనువుగా మాట్లాడింది లేదు.

తొట్టి ఆరాక అందులో నానబెట్టిన మొదటి మూటే పాడైపోయిందని బావ ఫోనులో చెప్పాడు. ఆఖరి జాడింపులో నీలిమందు కలుపుతారు. ఆ నీళ్ళలో నానిన దుప్పట్లు మచ్చలు మచ్చలుగా నీలంగా తేలాయి. లాడ్జీవాళ్ళు తీసుకోలేదు. వాటిని మళ్ళీ ఉతకడానికి మామూలుకంటే ఎక్కువ నీళ్ళు పట్టాయి. ఇదంతా విని, ఇక అక్క ఆ తొట్టిని గడ్డపారతో పగలగొట్టిస్తుందనుకున్నాను. కానీ పగలగొట్టించలేదు. నీలిమందు కలపకముందు ఒక జాడింపు ఉంటుంది కదా, ఆ నీళ్ళు పట్టండి, నీలిమందు నీళ్ళను వదిలేయండి అని తనే చెప్పిందట. మిషన్ గొట్టానికి రెండు దారులు పెట్టి, చేత్తో తిప్పే మూత ఒకటి బిగించుకున్నారు. ఆ తర్వాత మచ్చలు రాలేదు. మిషన్ తిరుగుతుండగానే తోటాయన మోటారు కూడా నీళ్ళు పోస్తోందని, ఆయన వచ్చి ఒక కొబ్బరిబోండాం ఇచ్చి పోయాడని బావ చెప్పాడు. అక్క మాత్రం ఆ ఫోనులో నాతో మాట్లాడలేదు. పక్కనే ఉన్నట్టు దగ్గు వినిపించింది.

బావకు ఇంకో పని కూడా కలిసి వచ్చింది. వాననీళ్ళ గుంటలు లేని ఇళ్ళకు, వ్యాపారాలకు నోటీసులు పోవడంతో వేలూరులో గుంటలు కట్టించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. అవి నేల మట్టంలో చేసే పనులు, పరంజా ఎక్కనక్కర్లేదు. ఆ తొట్టి చూసిన ఎవరో చెప్పి ఆయనను పిలిపించారు. వారంలో కొన్ని రోజులు బస్సులో వచ్చి బాగాయంలో గుంటలు కట్టి, సాయంత్రం మా ఇంట్లో కాఫీ తాగి పోయేవాడు. “నీ పని నా పొయ్యి ఆర్పింది, నీ పనే మళ్ళా ముట్టించింది” అని ఒకసారి అన్నాడు. దెప్పడానికి అన్నాడో, మెచ్చుకోవడానికి అన్నాడో నేను అడగలేదు.

తర్వాత వానలు బాగా పడ్డాయి. మోర్ధానా నిండి పొర్లింది. కౌండిన్య ఒడ్డున ఉండేవాళ్ళను జాగ్రత్తగా ఉండమని ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ తిరిగారట. పిల్లలు క్రికెట్ ఆడిన చోట ఎర్రనీళ్ళు వంతెన కాళ్ళను కొట్టుకుంటూ పోయాయి. జనం మోపెడ్‌లు ఆపి సెల్‌ఫోనుల్లో ఫొటోలు తీసుకున్నారు. అక్కవాళ్ళ బావిలో నీళ్ళు పై మెట్ల దాకా వచ్చాయి. పాలారులో కూడా కొన్ని రోజులు నీళ్ళు కనిపించాయి. తొరపాడిలో కుళాయి మళ్ళీ రోజు విడిచి రోజు రావడం మొదలైంది.

నీళ్ళు రాగానే మా పని పలచబడింది. ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళలో చాలామందిని చాలన్నారు. నన్ను వారంలో రెండు రోజులకు ఉంచారు. నేను తిరిగిన ఇళ్ళల్లో కొందరు జల్లెడ బిళ్ళలు పీకేశారు. ధార సన్నగా వస్తోందని, పిల్లలు స్నానానికి విసుక్కుంటున్నారని చెప్పారు. కొందరు ఉంచుకున్నారు. మేడ గోడ కారిన ఆ బాగాయం ఇంటాయన ట్యాంకు బంతి మాత్రం ఉంది. ఆ దారిన పోయినప్పుడు చూస్తాను, గోడ పొడిగా ఉంటుంది. ముసలామె ఇంటికి ఇప్పటికీ కుళాయి రాలేదు. వీధి కుళాయి దగ్గర కనిపిస్తే, “ఇడిపించినారు, సంతోషం” అంటుంది నాతో, అదంతా నేనే చేసినట్టు.

లాడ్జీలు కూడా ఒక్కొక్కటే పాత పద్ధతికి వచ్చాయి. కొన్ని మూడు రోజులకే ఉంచుకున్నాయి, ఖర్చు తగ్గిందని. మొదటి లాడ్జీ మేనేజరు మాత్రం, పక్క లాడ్జీవాళ్ళు రోజూ మారుస్తామని బోర్డు పెడితే తాము ఎట్లా ఊరుకునేది అన్నాడు. తనే అక్కకు ఫోను చేసి, మూటలు మునుపటిలాగా పంపిస్తానన్నాడు. అక్క ఒప్పుకుంది. నీళ్ళున్నాయి, గుడ్డలున్నాయి, ఉతకడం ఆమె పని.

అయితే పనికి మనిషి దొరకలేదు. నిలిపేసిన ఆమె దగ్గరికి అక్క తనే నడిచి పోయింది. ఆమె షూ కంపెనీలో చేరిపోయింది. పొద్దున వ్యాను వస్తుంది, సాయంత్రం దించుతుంది, పీఎఫ్ పట్టుకుంటారు. “రమ్మంటే రావాలనే ఉండాదమ్మా. మళ్ళా ఎండాకాలం వస్తే నన్ను నిలిపేస్తారు గదా” అన్నదట. అక్క దానికి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. వస్తూ వస్తూ ఆమె పిల్లలకు బన్నులు కొనిచ్చి వచ్చానని మాత్రం చెప్పింది.

అందుకని ఇప్పుడు ఆదివారాలు నేను గుడియాత్తం పోతున్నాను. మా ఆయన కూడా అప్పుడప్పుడు వస్తాడు, వచ్చి బావతో కూర్చుని సిమెంటు గురించి మాట్లాడతాడు. అక్కా నేనూ ఆరిన దుప్పట్లు దించి మడతపెడతాం. చెరొక వైపు రెండు అంచులు పట్టుకుని, లాగి విదిలించి, దగ్గరికి వచ్చి కలిపి, మళ్ళీ వెనక్కి పోవాలి. ఆ పనిలో ఎక్కువ మాటలకు వీలుండదు. పోయిన వారం అలా దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది.

“మీ ఆఫీసులో ఇంకా పని ఉండాదా?”

“వారానికి రెండు దినాలే.”

“ఎండలు ముదిరితే మళ్ళా పిలుస్తారులే.”

“పిలుస్తారు.”

“లాడ్జీలకు గూడా పోతావా?”

“పొమ్మంటే పోవాల్సిందే అక్కా.”

ఆమె వెనక్కి పోయి దుప్పటి విదిలించింది. మళ్ళీ దగ్గరికి వచ్చాక చెప్పింది. “పో. వద్దనను. ఈతూరి మాత్రం నాకు ముందే ఒక మాట చెప్పు. పనికి మనిషిని పెట్టుకోవాల్నా వద్దా అని నేను చూసుకోవాల. పెట్టుకుని మళ్ళా నిలిపేయడం నాకు చేతగాదు.”

చెప్తానన్నాను. ఆమె తలూపి, తీగ మీది నుంచి ఇంకో దుప్పటి లాగి, దాని అంచు నా చేతికిచ్చింది.